టీవీ పోటీలో మా అత్త ఫోటో

చిలమత్తూరులో బస్సులు ఆగే చోటికి ఎదురుగా మా ఫోటో స్టూడియో. నాయన పెట్టినాడు. ఆయనకు చూపు తగ్గినాక నేనే చూసుకుంటున్నాను. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెండ్లిండ్లు, ఓణీల పండగలు, చిన్నపిల్లల పుట్టినరోజులు మా పని. చనిపోయినవాళ్ల పాత ఫోటో తెచ్చిస్తే దాన్ని పెద్దది చేసి, పటం కట్టించి ఇచ్చేది కూడా మేమే. పని లేని రోజుల్లో స్కూటరు తీసుకొని ఊరి బయటికి పోతాను. ఎర్రమన్ను గుట్టలు, వేరుసెనక్కాయల చేలు, వాన పడకుండా దాటిపోయే మబ్బులు, గాలిమరల కింద మేసే గొర్రెలు, ఇట్లాంటివి తీసి ఫోన్‌లో పెడతాను. ఎవరో కొందరు బాగున్నాయంటారు. అంతే.

ఒకరోజు మధ్యాహ్నం హైదరాబాదు నుండి ఫోన్ వచ్చింది. ఒక ఆడపిల్ల గొంతు.

"మేడమ్, మీరు పెట్టే ఫోటోలు చాలా రోజుల నుంచి చూస్తున్నాను. మేం టీవీకి ఒక కార్యక్రమం చేద్దామనుకుంటున్నాం. వంటల పోటీలు, పాటల పోటీలు వస్తాయి కదా, అలాగే ఫోటోలు తీసే పోటీ. ముందు ఒక్క భాగం తీసి మా పెద్దవాళ్లకు చూపిస్తాం. వాళ్లకు నచ్చితే అప్పుడు వారం వారం. లేపాక్షిలో తీస్తున్నాం. మీరు పాల్గొంటారా?"

నాకు నవ్వొచ్చింది. "ఫోటో తీసేదాంట్లో టీవీలో చూసేకి ఏముంటుందమ్మా?" అని అడిగినాను.

"అదే మాకూ తెలీదు మేడమ్. తెలుసుకుందామనే" అనింది ఆ పిల్ల. ఆ మాట నాకు నచ్చింది. వస్తానని చెప్పినాను.

ఇంట్లో నేనూ మా అత్తా ఉంటాము. మా ఆయన లారీ మీద పోతే వారానికో పది రోజులకో వస్తాడు. పిల్లలు హాస్టల్లో ఉంటారు. రాత్రి అన్నాలయినాక అత్త పాటల పోటీ తప్పకుండా చూస్తుంది. ఎవరైనా ఓడిపోయి ఏడిస్తే తను కూడా కండ్లు తుడుచుకుంటుంది. ఆ రోజు ఆమెకు సంగతి చెప్తే టీవీ గొంతు తగ్గించి, నా వైపు తిరిగి కూర్చుంది.

"పాటయితే వింటాము. వంటయితే ఉల్లిగడ్డ తరిగేది చూస్తాము, నూనె కాగేది చూస్తాము. నోట్లో నీళ్లు కూడా ఊరతాయి. నువ్వు ఒక కన్ను మూసుకోని రాయి మాదిరి నిలబడుకుంటే మేము ఏం చూడల్ల?"

"ఫోటో చూస్తారు."

"అది ఆకర్లో కదా. అంతదాకా?"

నేను కంచాలు ఎత్తినాను. అత్తే మళ్లీ, "ఏమో, యాంకరమ్మ వస్తాదా? వస్తే నేనూ వస్తా చూసేకి" అనింది.

మా అత్త గురించి ఇక్కడొక మాట చెప్పాలి. ఆమె ఫోటోకు నిలబడదు. నా పెండ్లి ఆల్బమ్‌లో ఆమె భుజం ఒకచోట, కొంగు ఒకచోట ఉంటాయి. మొగం ఎక్కడా లేదు. ఆధార్ కార్డుకు తప్పనిసరై కూర్చుంది, ఆ కార్డును కూడా బీరువాలో బట్టల అడుగున బోర్లా పెట్టుకుంటుంది. ఫోటోలు తీసే ఇంటి పిల్ల కోడలుగా వచ్చి ఇన్నేండ్లయినా, పండక్కి అందరమూ వరుసగా నిలబడితే ఆమెకు సరిగ్గా అప్పుడే పొయ్యి మీద ఏదో గుర్తొస్తుంది. కొందరికి అదొక పట్టింపు, వదిలేసినాను.

ఆ రోజు పొద్దున్నే ఇద్దరమూ బస్సులో లేపాక్షి పోయినాము. అత్త సంచిలో ఉడకబెట్టిన సెనక్కాయలు, రాగిముద్దలు, నంజుకునేకి ఊరిబిండి, నీళ్ల బాటిలు. టీవీ వాళ్లు తిండి పెడతారని చెప్పినా వినలేదు.

పెద్ద నంది ఉన్న తోట దగ్గర వ్యాన్లు నిలబడి ఉన్నాయి. ఫోన్ చేసిన పిల్ల ఎదురొచ్చింది. ముప్పై లోపే ఉంటాయి. జుట్టు నెత్తి మీద ముడేసుకొని, చేతిలో వాకీటాకీ పట్టుకొని, అందరికీ ఆమే చెప్తోంది. డైరెక్టరు ఆమేనట. పోటీకి మేము ముగ్గురము. ఒకాయన హిందూపురంలో పుట్టి బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు, సెలవులొస్తే అడవులెంబడి పోయి పక్షుల ఫోటోలు తీస్తాడు. మూరెడు లెన్సు తెచ్చినాడు. మంచి మనిషి, నా కెమెరా బెల్టు పాతబడిందని తన దగ్గర ఎక్కువున్నది ఇచ్చేసినాడు. ఇంకొకాయన అనంతపురం పాతూరు నుండి వచ్చినాడు. అరవై దాటినాయి. రీలు కెమెరాల కాలం నుండి పెండ్లిండ్లు తీస్తున్నాడు. అందరూ ఆయనను భాయి అనే పిలిచినారు, నేనూ అట్లే పిలిచినాను. తీర్పు చెప్పేకి సినిమాలకు కెమెరా పట్టిన ఒక పెద్దాయన కుర్చీలో గొడుగు కింద కూర్చున్నాడు.

మొదటి పోటీ నంది మీద. గంట టైము. ఆ గంటలో ఒక్క ఫోటో ఇవ్వాలి.

నందిని తీయాలంటే ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీయాలి. అప్పుడే మెడలో చెక్కిన గంటలు, గొలుసులు, మూపురం మీద గీతలు అన్నీ లేచి కనపడతాయి. మేము ఏడింటికే వచ్చినా, పైనుండి తీసే డ్రోన్ ఎగరలేదని, మైకులు సరిగ్గా లేవని, యాంకరమ్మ చీర గాలికి నిలవడం లేదని పొద్దెక్కిపోయింది. ఎండ నెత్తి మీదికి వచ్చినాక "రెడీ, స్టార్ట్" అన్నారు. పక్కన బోర్డు మీద ఎర్రటి అంకెలు తగ్గుతూ వచ్చినాయి.

నేను కెమెరా పట్టుకొని నంది చుట్టూ ఒకసారి నడిచినాను. నా వెనక ఒక కెమెరా, పక్కన ఒక కెమెరా. ఎటు తిరిగినా వాళ్లే. ఇంకొంచెం సేపటికి డైరెక్టరమ్మ వచ్చి మెల్లగా చెప్పింది.

"మేడమ్, కొంచెం వేగంగా నడుస్తారా? టెన్షన్‌గా ఉన్నట్టు?"

"నాకు టెన్షన్ లేదమ్మా."

"అదే మేడమ్, ఉన్నట్టు."

సరే అని వేగంగా నడిచినాను. చెప్పు తెగేంత పనయింది. మళ్లీ ఆపింది.

"మీరేం ఆలోచిస్తున్నారో పైకి చెప్తూ ఉండండి. వంటల పోటీలో చెప్తారు కదా, ఇప్పుడు పోపు వేస్తున్నా అని. అలా."

నేను నోరు తెరిచినాను. ఏమీ రాలేదు. నిజానికి ఆ సమయంలో నా తలలో మాటలే ఉండవు. ఇక్కడ కాదు, ఇంకొంచెం అటు, ఆ మనిషి దాటిపోనీ, ఇట్లా ఏదో నడుస్తూ ఉంటుంది గానీ అది మాట కాదు. అది చెప్పబోతే చూడాల్సింది చేజారిపోతుంది. చివరికి "ఎండ చానా ఉండాది" అన్నాను. ఆ పిల్ల తల ఊపి వెళ్లిపోయింది, పాపం.

యాత్రకు వచ్చిన ఒక కుటుంబం నంది నీడ పడిన చోట సద్ది విప్పుకొని కూర్చోనింది. పొడుగాటి నీడ కాదు, కొంచెం ముక్క. ఆ ముక్కలోనే ఇరుక్కొని ఆరుమంది తింటున్నారు. పైన అంత పెద్ద రాతి పొట్ట, కింద వీళ్ల పెరుగన్నం. అది తీసినాను. ఒకటి కొట్టినాక నాకు తెలిసిపోయింది, ఇంక చాలని. కానీ కెమెరామన్ వచ్చి, "మేడమ్, మీరు క్లిక్ కొట్టేది మాకు పడలేదు, మళ్లీ ఒకసారి" అన్నాడు. అప్పటికి ఆ కుటుంబం లేచి చేతులు కడుక్కుంటోంది. ఉత్త నీడను చూస్తూ మళ్లీ ఒకసారి కెమెరా ఎత్తి, కన్ను మూసి, నొక్కినాను. వాళ్ల కెమెరాలో పడింది ఆ ఉత్త నొక్కుడే.

బెంగళూరాయన నేల మీద పడుకొని, గడ్డిపోచల మధ్య నుండి నందిని ఆకాశమంత ఎత్తుగా తీసినాడు. భాయి మెడలోని గంటల దండ మాత్రం తీసినాడు, దగ్గరగా. పెద్దాయన మూడూ చూసి బెంగళూరాయనకు మొదటి స్థానం ఇచ్చినాడు. నేనైనా దానికే ఇచ్చేదాన్ని. తెర మీద మా ఫోటోలు ఒక్కొక్కటీ వచ్చి, రెండు మూడు క్షణాలు నిలబడి వెళ్లిపోయినాయి. గంట సేపు మా ఉరుకులు తీసినారు గానీ, ఫోటో చూసేకి అంత టైము కూడా ఇవ్వలేదు. బెంగళూరాయనే నాతో మెల్లగా అన్నాడు, "అక్కా, నేనే సరిగ్గా చూసుకోలేదు నా ఫోటో" అని.

ఈ పనంతా జరుగుతూ ఉంటే మా అత్త ఒక వేపచెట్టు కింద గుడ్డ పరుచుకొని కూర్చోనుంది. యాంకరమ్మను చూసే ముచ్చట అప్పటికే తీరిపోయింది. చెట్టు కిందికి వచ్చిన వాళ్లందరికీ దోసిట్లో సెనక్కాయలు పోస్తోంది. లైట్లు పట్టుకునే వాళ్లు, మేకప్ చేసే ఆమె, వ్యాన్ డ్రైవరు, అందరూ అక్కడే. డైరెక్టరమ్మ కూడా మధ్యలో ఒకసారి వచ్చి నిలబడే నాలుగు తినింది.

రెండో పోటీ మనిషి మొగం. ఒకే మనిషిని ముగ్గురమూ తీయాలి, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. ఎవరో గొర్రెలు కాసే ముసలాయనను మాట్లాడి పెట్టుకున్నారట, తెల్లటి మీసాలు, తలపాగా, బాగుంటాడని. మధ్యాహ్నానికి ఆయన రాలేదు. ఫోన్ చేస్తే, గొర్రెలు బేరానికి వచ్చినాయని సంతకు పోయినాడని చెప్పినారు. సాయంత్రానికి గానీ రాడట.

డైరెక్టరమ్మ ఒక రాతి మీద కూర్చొని తల పట్టుకుంది. ఆ రోజు దాటితే వ్యాన్లు ఉండవు, పెద్దాయన ఉండడు. చుట్టూ చూసింది. ఆమె చూపు పోయి చెట్టు కింద అత్త మీద ఆగింది. లేచి వచ్చింది.

"అమ్మా, మీరు కూర్చుంటారా?"

"యాడ?" అనింది అత్త.

"ఫోటోకి."

"నేనా? నాకొద్దు పాపా. ఇంకెవర్నన్నా చూసుకో" అని అత్త సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను డైరెక్టరమ్మతో, "ఆమె ఎప్పుడూ కూర్చోదమ్మా, అడగొద్దు" అని చెప్పినాను. ఆ పిల్ల అక్కడే నేల మీద కూలబడి, వాకీటాకీ ఒళ్లో పెట్టుకొని ఊరికే దూరంగా చూస్తూ ఉండిపోయింది. కండ్లలో నీళ్లు తిరిగినట్టున్నాయి, అటు తిరిగి తుడుచుకుంది.

అత్త చాలాసేపు ఆమెనే చూసింది. తరువాత సంచిలో నుండి ముద్ద తీసి, ఊరిబిండి అద్ది, ఆకులో పెట్టి ఆమె చేతికిచ్చింది.

"పొద్దున్నుండి తిండి ల్యాకుండా తిరుగుతాండావు. ముందు ఇది తిను. కూచ్చుంటాలే. కానీ పౌడరు గీడరు పుయ్యకూడదు."

నేను ఆశ్చర్యపోయినాను. మేకప్ ఆమె అలవాటు కొద్దీ డబ్బా తెరిస్తే, అత్త ఆ చేతిని అట్లే పట్టుకొని వెనక్కి పెట్టింది.

తోట పక్కన ఒక పెద్ద బండ ఉంది. దాని నీడలో అత్తను కూర్చోబెట్టినారు. మొదట బెంగళూరాయన. ఆయన చాలా మర్యాదగా, "అమ్మా, కొంచెం పైకి చూడండి. కొంచెం నవ్వండి. ఆ కొంగు తీస్తారా" అని అడుగుతూ చకచకా కొట్టినాడు. అత్త పైకి చూడమంటే చూసింది, నవ్వమంటే పండ్లు చూపించింది. కొంగు మాత్రం తీయలేదు. సగం మొగం మీదికి లాక్కొని, గడ్డం దగ్గర పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.

తరువాత నేను. యాంకరమ్మ తన కెమెరా ముందు గొంతు తగ్గించి, "ఇప్పుడు ఒక కోడలు తన అత్తగారిని..." అని మొదలుపెట్టింది. డైరెక్టరమ్మ నన్ను అడిగింది, "మీ ఇద్దరి అనుబంధం గురించి ఒక మాట చెప్పండి మేడమ్."

"ఏం చెప్పల్ల? ఒకే ఇంట్లో ఉంటాము" అన్నాను. వెనక ఎవరో నవ్వినారు.

కెమెరాలో నుండి చూస్తే అత్త నన్నే చూస్తోంది. పాలు పొంగినాయా చూసినావా అని నేను అడిగినప్పుడు ఎట్లా చూస్తుందో అట్లా. ఇన్నేండ్ల పరిచయం అడ్డం నిలబడింది మా ఇద్దరి మధ్య. ఆ ముక్కు, ఆ నుదురు, కంటి కింద మచ్చ నాకు ఎంత తెలుసంటే, ఇంక వాటిని చూడాలని తోచదు. "అత్తా, ఇట్ల తిరుగు" అన్నాను, తిరిగింది. చేతులు తీసినాను, సెనక్కాయల పొట్టు అంటిన ఆ వేళ్లు. అవి బాగానే వచ్చినాయి. కొంగు తీయమని అడగలేదు. అడిగితే లేచి పోతుందేమోనని భయం.

భాయి వచ్చి కెమెరాను మెడలో నుండి తీసి ఒడిలో పెట్టుకొని అత్తకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఉండాయా అమ్మా ఇంకా, సెనక్కాయలు?"

అత్త సంచి దులిపి పోసింది. ఆయన ఒక్కొక్కటే ఒలుచుకొని తింటూ, "ఏ ఊరు మీది?" అని అడిగినాడు.

"మెట్టినిల్లు చిలమత్తూరు. పుట్టింది శింగనమల చెరువు కింద ఒక పల్లె."

"ఆ పక్క ఒక పెండ్లికి వచ్చినా నేను. చెరువు నిండి అలుగు పారతాండె. పెండ్లికొడుకు మొగమే తియ్యలేదు, అందరూ చెరువునే తీయమన్న్యారు."

అత్త నవ్వింది. "నిండినప్పుడు అట్లే. నిండేదే ఎప్పుడో ఒకసారి." తరువాత వాళ్లు చెరువు గురించి, ఆ నీళ్లకు పండిన వడ్ల గురించి, ఆ పల్లె నుండి అనంతపురానికి పోయే పాత బస్సు గురించి మాట్లాడుకున్నారు. పక్కన బోర్డు మీద అంకెలు తగ్గుతున్నాయి. కెమెరామన్ డైరెక్టరమ్మ వైపు చూసినాడు, ఆపాలా అని. ఆమె వద్దని చెయ్యి ఊపింది.

భాయి ఉన్నట్టుండి అడిగినాడు, "ఆ కొంగు ఎందుకమ్మా అంత గట్టిగా పట్టుకున్నావు?"

అత్త తన పిడికిలి వైపు చూసుకుంది.

"నా చిన్నప్పుడు మా పల్లెకి ఒకాయన వచ్చినాడు ఫోటోలు తీసేకి. పెండ్లి కావల్సిన ఆడపిల్లల్నందర్నీ నిలబెట్టిరి. నా వంతు వస్తానే ఆయన కెమెరా దించి, ఈ పాప పడదప్పా, మరీ నల్లగుండాది, రీలు దండగ, అన్న్యాడు. అందరూ నవ్విరి. మా నాయన కూడా నవ్వినాడు. ఏం చేస్తాడు, పెద్దమనుషులు నవ్వుతాంటే. నేను ఆ పొద్దు నుండి నిలబడలేదు."

యాంకరమ్మ మైకు పట్టుకొని అట్లే ఉండిపోయింది.

"ఇప్పుడైతే ఇంట్లోనే కెమెరా ఉండాది. కోడలు మంచిదే. కానీ కంప్యూటర్‌లో అందర్నీ తెల్లగా చేసి ఇస్తాది, నేను వెనక నిలబడుకోని చూస్తాను కదా. వాళ్లే అడుగుతారులే, తెల్లగ చెయ్యమ్మా అని. నన్ను కూడా అట్ల చేస్తే అది నేనెట్లయితాను?"

ఈ మాట నా గురించే గానీ నాకు కోపం రాలేదు. నేను నిలబడిన చోటే నిలబడి ఆమెను చూసినాను. ఆ రోజంతా చూడనిది అప్పుడు చూసినాను.

భాయి చివరి గింజ నోట్లో వేసుకొని చేతులు దులుపుకున్నాడు.

"ఫోటో పడేది వెలుతుర్ని బట్టమ్మా. ఆయనకు పని రాదు, అంతే. నేను నల్లగుంటే నల్లగానే తీస్తా. సరేనా?"

అత్త ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, బేరమాడేటప్పుడు ఆలోచించినట్టు. తరువాత పిడికిలి వదిలింది. కొంగు దానంతట అదే జారి భుజం మీదికి వచ్చింది.

భాయి లేచి, ఆమెను ఇంకొంచెం వెనక్కి, బండకు ఆనుకునేలా కూర్చోమన్నాడు. అటుపక్క ఎండ పడిన తెల్లమన్ను మీద నుండి వెలుతురు మెల్లగా ఆమె చెంప మీదికి వస్తోంది. రెండో మూడో కొట్టినాడు. "అయిపాయమ్మా" అని కెమెరా మెడలో వేసుకున్నాడు. బోర్డు మీద ఇంకా అంకెలు మిగిలే ఉన్నాయి.

సాయంత్రం చెట్టు కింద పెద్ద తెర పెట్టి మూడు ఫోటోలూ చూపించినారు. బెంగళూరాయన ఫోటోలో ప్రతి ముడతా లెక్కపెట్టచ్చు, నవ్వు కూడా ఉంది. నా ఫోటోలో చేతులు. పెద్దాయన రెండింటినీ మెచ్చుకున్నాడు. భాయి ఫోటో వచ్చినప్పుడు ఆయన కుర్చీలో నుండి లేచి తెర దగ్గరికి పోయినాడు. నల్లటి బండ, దాని ముందు అంతే నల్లటి మొగం. కానీ రెండూ కలిసిపోలేదు. చెంప మీద ఒక వెలుతురు గీత, కండ్లలో రెండు చుక్కలు. ఇప్పుడే ఏదో మాట చెప్పి, అవతలి మనిషి ఏమంటాడో అని ఆగిన మొగం. పెద్దాయన ఎక్కువ చెప్పలేదు. "ఈ మనిషి మనల్ని చూస్తూ ఉంది" అని, భాయి చేయి పట్టుకొని ఊపినాడు. రెండో పోటీ ఆయనదే.

మా ఇంటి మనిషి మొగాన్ని నాకు అనంతపురం నుండి వచ్చిన ఒకాయన చూపించినాడు. ఓడినానని అనిపించలేదు.

అత్తను తెర ముందుకు తీసుకొచ్చినారు. ఆమె చాలాసేపు చూసింది, ఒకసారి దగ్గరికి పోయి, ఒకసారి వెనక్కి వచ్చి. అందరమూ ఏమంటుందోనని ఎదురుచూస్తున్నాము.

"ముక్కు బాగుండాది" అనింది.

డైరెక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, మీ వైపు కెమెరా ఇప్పుడే తిప్పాం, ఆ చూసింది పడలేదు. మళ్లీ ఒక్కసారి మొదటిసారి చూసినట్టు చూస్తారా?"

"చూసినాను కదా పాపా. మళ్లీ మొదటిసారి ఎట్ల చూడల్ల?" అని అత్త చెప్పులేసుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆమె, ఇవతల నేను. కొడికొండ దారి మలుపులో అడిగినాను, "నాకెప్పుడూ చెప్పలేదే అత్తా?"

"నువ్వెప్పుడు అడిగితివి? రా అత్తా ఫోటోకి అంటావు. రాను అంటాను. పోతావు. ఎందుకు రావు అని ఎప్పుడన్నా అడిగితివా?"

లేదు, అడగలేదు. ఆమె అది తప్పు పట్టినట్టు కూడా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. తరువాత సంచి ఒళ్లో పెట్టుకొని కునుకు తీసింది.

నెల దాటినాక డైరెక్టరమ్మ ఫోన్ చేసింది. తీసింది వాళ్ల పెద్దవాళ్లకు చూపించిందట. నంది దగ్గర మేము ఉరికేది వేసినప్పుడు అందరూ ఫోన్లు చూసుకున్నారట. భాయి, అత్త మాట్లాడుకునేది వచ్చినప్పుడు ఒక్కరూ కదలలేదట. అయినా వద్దన్నారు.

"ఇది పోటీ కాదు కదా అన్నారు మేడమ్. ఇలాంటిది వారం వారం ఎక్కడి నుంచి తెస్తావు, రాసిపెట్టి చేయించలేవు కదా అన్నారు. వాళ్లు చెప్పిందీ నిజమే అనిపించింది."

నాకూ నిజమే అనిపించింది. పాటల పోటీలో పాడే మనిషి నోట్లో నుండే పాట వస్తుంది, మనం అప్పుడే వింటాము. ఫోటోలో జరిగేది తీసేవాడి దగ్గర జరగదు, తీయించుకునే మనిషి దగ్గర జరుగుతుంది. అది ఎప్పుడు జరుగుతుందో ఎవరికీ తెలియదు. దానికి గడియారం పెట్టినా, రానప్పుడు రాదు. ఆ పిల్లకు ఈ మాట చెప్పేకి ప్రయత్నించినాను, సరిగ్గా చెప్పలేకపోయినాను. ఆమె మాత్రం, "ఆ భాగం వరకు మీకు పంపిస్తాను, దాచుకోండి" అనింది. పంపించింది. ఇప్పుడు ఆమె ఏవో చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీస్తోంది. ఈ పక్క వస్తే మా ఇంటికి రాకుండా పోదు.

భాయి ఆ ఫోటోను మంచి కాగితం మీద వేయించి బస్సులో పంపినాడు. అత్త దాన్ని నడవలో పెట్టించింది. ఎవరొచ్చినా తను చెప్పదు, వాళ్లే అడగాలి. అడిగితే, "అనంతపురం భాయి తీసినాడు" అంటుంది, కోడలు కాదు అన్న సంగతి తెలిసేలాగానే.

స్టూడియోలో నా పని పెద్దగా మారలేదు. పెండ్లికూతురి తల్లులు ఇప్పటికీ తెల్లగా చెయ్యమ్మా అంటారు. ఎంత అని అడుగుతాను. కొంచెమే చేస్తాను. కొందరికి ముందు చెయ్యకుండా చూపిస్తాను. ఎప్పుడో ఒకరు, ఇట్లే ఉండనీలే, అంటారు. ఇంకొకటి మారింది. కూర్చున్న మనిషిని వెంటనే తీయను. ఏ ఊరని అడుగుతాను. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్లు దీనికెందుకమ్మా ఇంత మాట అని విసుక్కుంటారు, ఫరవాలేదు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం అత్త స్టూడియోకు వచ్చింది. ఎప్పుడూ వచ్చి వెనక కుర్చీలో కూర్చునే ఆమె, ఆ రోజు నేరుగా పోయి తెర ముందు స్టూలు మీద కూర్చుంది. కొత్త చీర కాదు, ఇంట్లో కట్టుకునేదే.

"తియ్యి" అనింది.

"ఏమత్తా, దేనికి?"

"దేనికేముంది. ఆయన తీసింది ఒక్కటే ఉంటే, ముందు ముందు పిల్లలు నేను ఆ బండ దగ్గరే పుట్టి పెరిగినాననుకుంటారు."

లైట్లు వేసినాను. రెండు నిమిషాలకే కరెంటు పోయింది. మా ఊర్లో మధ్యాహ్నం పూట అది మామూలే. నేను వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసినాను. బయట రోడ్డు మీద ఎండ, ఆ ఎండ నేల మీద నుండి లేచి లోపలికి వచ్చి అత్త మోకాళ్ల దాకా, మెల్లగా మొగం దాకా వచ్చింది. చాలా బాగుంది. కెమెరా ఎత్తేలోపల హిందూపురం బస్సు వచ్చి సరిగ్గా మా తలుపుకు అడ్డంగా ఆగింది. గదంతా చీకటయింది.

"పోతాదిలే" అనింది అత్త.

కండక్టరు టీ తాగేకి దిగినాడు. డ్రైవరు కూడా దిగినాడు. నేను కెమెరా ఒళ్లో పెట్టుకొని ఆమెకు ఎదురుగా కింద కూర్చున్నాను. రాత్రికి ఏం వండల్లని ఆమె అడగలేదు, పాల సంగతి నేను అడగలేదు. ఆమె పుట్టిన పల్లె గురించి అడిగినాను, చెరువు నిండిన ఏడాది ఏం చేసేవాళ్లని. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.